గోడ ఆరేదాకా

గువ్వ నా వైపు వీపు పెట్టి పడుకుంది. నాకు కనపడేవి దాని రెండు జడలు, గౌను వెనక తెల్ల గుండీ, గుండీకి పైన మెడ మీద కాస్త చెమట. వినాల్సింది మాత్రం దాని ఊపిరి. ఒక గంటసేపు వినాలి. అందులో పిల్లికూతలు రాకపోతే నా కూతురు ఇక నా దగ్గరే ఉంటుంది, వస్తే ఈ ఏడాదంతా వాళ్ల అత్త ఇంట్లో ఉండి అక్కడి బడికి వెళ్తుంది. ఒప్పందం ఇంతే. ముందుగదిలో కుర్చీలో కూర్చున్న మా వదిన బస్సు దిగి వచ్చి మంచినీళ్లయినా తాగకుండా చెప్పేసింది, రేపు పొద్దున బడివాళ్లకి ఏదో ఒకటి తేల్చి చెప్పాలని, చెప్పకపోతే సీటు ఇంకెవరికో ఇచ్చేస్తారని. సరేనన్నాను. సరే అనక ఏమంటాను. ఆవిడ దగ్గర ఉన్నన్నాళ్లూ పిల్లకి ఒక్కసారి కూడా ఆయాసం రాలేదు, పైగా బుగ్గలు వచ్చాయి, ఆ బుగ్గలు చూసి సంతోషపడాల్సిన దాన్ని కుళ్లుకుంటున్నాను, అదీ నిజమే. ఆవిడది మేడ మీద ఎండ పడే ఇల్లు, కిటికీ తెరిస్తే గాలి ఆరేసిన బట్టల్ని ఎత్తుకుపోతుంది. మాది సందు చివర కింది వాటా. పక్క మేడ మా ఉత్తరం గోడకి ఎంత దగ్గరగా కట్టారంటే మధ్యలో పిల్లి కూడా పక్కకి తిరిగి నడవాలి, ఇక ఎండ ఎక్కణ్ణించి దూరుతుంది.

వింటున్నాను. వింటున్నాననే అనుకుంటున్నాను. నిజానికి ఈ పని నాకు అప్పగించడమే తప్పు, నా చెవుల సంగతి ఇంటిల్లిపాదికీ తెలుసు. పెళ్లయిన కొత్తలో మా ఆయన హార్మోనియం మీద రెండు మెట్లు నొక్కి ఏది పై స్వరమో చెప్పమంటే ఎడమ చేతి వైపుది అన్నాను, అదైతే నాకు దగ్గరగా ఉందని. ఆయన నవ్వి ఉంటే బాగుండేది, జాలిపడ్డాడు. అంత చెవి ఉన్న మనిషి ఇవాళ పక్కగదిలో తలుపు ఓరగా వేసుకుని నేల మీద కూర్చున్నాడు, విననంటే విననన్నాడు. నాకు ఇవాళ లేనిది కూడా వినపడుతుంది, నువ్వే విను అన్నాడు. వదినేమో తను వింటే పక్షపాతం అంటారని కుర్చీలోంచి లేవనంది. చివరికి సంగీతం రానిదాన్ని నేనే దొరికాను ఈ కచేరీకి. ఎంత నెమ్మదిగా పీలుస్తోందో పిల్ల, వీపు కదులుతున్నట్టు కూడా లేదు, మేడ మీద గాలికి ఊపిరితిత్తులు బాగుపడినట్టే ఉన్నాయి, లేకపోతే ఇంత నిమ్మళంగా పడుకుంటుందా. అదిగో ఏదో కూసింది. కాదు, ఎదురింటి వాళ్ల గేటు. తర్వాత ఎవరో సైకిలు బ్రేకు వేశారు, అదీ కూతే. ఎవరింట్లోనో కుక్కరు. ఈ వీధికి ఇన్ని గొంతులు ఉన్నాయని ఇక్కడికి కాపురానికి వచ్చిన ఇన్నేళ్లకు, ఈ మధ్యనే తెలిసింది నాకు, ఈ కిటికీ తెరవడం మొదలుపెట్టాకే. పావురం ఒకటి ఎప్పుడూ వెంటిలేటరు అంచు మీద కూర్చుని గొణుగుతుందని, మూడో ఇంటి తాతగారు ఫోన్లో మాట్లాడితే వీధి వీధంతా వినపడుతుందని, చెత్తబండి ఒకటే పాత పాట పాడుకుంటూ పోతుందని. వీటన్నిటి మధ్యలోంచి దారప్పోగంత ఊపిరిని ఏరుకోవాలి. లేచి కిటికీ మూసేస్తే ఎంత హాయిగా వినపడుతుందో. చెయ్యి కూడా లేచింది. మళ్లీ దించేశాను. కిటికీలు మూసినందుకు ఈ మధ్య ఆయన మీద విసుక్కున్నదంతా ఒక్కసారి గుర్తొచ్చి నా మీద నాకే చిరాకు వేసింది.

ఎందుకంటే ఆయన మూసింది కూడా అందుకే. ఆయన పని హార్మోనియం పెట్టెలు బాగుచెయ్యడం. లోపల ఇత్తడి రీడ్లు ఉంటాయి, సన్న నాలుకల్లాగా, ఒక్కొక్కటి ఒక్కో స్వరం. నాలుక కొసని ఆకురాయితో రెండుసార్లు రాస్తే స్వరం పైకి పోతుంది, మొదట్లో రాస్తే కిందికి దిగుతుంది. రాయడం ఎవరైనా రాస్తారు, ఎప్పుడు ఆపాలో తెలియడమే పని, అది చేతిలో లేదు, చెవిలో ఉంది. వెంట్రుకవాసి తేడాని పట్టుకోవాలంటే వీధి నోరు ముయ్యాలి. వీధి నోరు ముయ్యదు కాబట్టి మేం మా ఇంటి కళ్లు మూశాం. కిటికీ రెక్కల సందుల్లో ఉన్ని గుడ్డ పట్టీలు అంటించాడు. వెంటిలేటర్లలో పాత దుప్పట్లు చుట్టి కుక్కాడు, అవి ఎంత చక్కగా కుక్కాడంటే బయటి నుంచి చూసినవాళ్లు తలగడలు అమ్ముతామేమో అనుకునేవాళ్లు. స్నానాలగదిలో గాలి బయటికి లాగే ఫ్యాను ఒకటి ఉండేది, ఈ గదిని ఆనుకునే ఆ స్నానాలగది. ఆ ఫ్యాను పలికేది పంచమానికి రవ్వంత కింద, పూర్తిగా అపశ్రుతి అయితే భరించొచ్చు, దగ్గర దాకా వచ్చి ఆగిపోతే ఎలా భరించడం అని ఒకరోజు దాని వైరు పీకి పక్కన పెట్టాడు. నేను చూస్తూనే ఉన్నాను. నాకు ఫ్యానుకీ పంచమానికీ తేడా తెలియదు, భర్తకి తలనొప్పి తగ్గింది కదా అనుకున్నాను. ఇల్లు ప్రశాంతంగా ఉండేది. వచ్చిన చుట్టాలు కూడా అబ్బ, మీ ఇంట్లో ఎంత ప్రశాంతం అనేవాళ్లు. ఒక్క వదిన మాత్రం మీ ఇల్లు మూత పెట్టిన డబ్బాలా ఉంది, ముక్కిపోయిన వాసన వస్తోంది అనేది. ఈర్ష్యలే అనుకున్నాను. ఆడపడుచు మాట మెచ్చుకుని ఎవరు విన్నారు గనక.

అప్పుడప్పుడూ నాకే వచ్చేది ఆ వాసన. తడి గోనెసంచి వాసన. వానాకాలం కదా అనుకునేదాన్ని. బట్టలు ఎక్కడ ఆరేస్తాం, ఈ గదిలోనే, కిటికీ కమ్మీ నుంచి బీరువా పిడికి తాడు కట్టి. పొద్దున స్నానాలు అయ్యాక ఆవిరి బయటికి పోయే దారి లేక తలుపు కింద నుంచి ఈ గదిలోకే వచ్చేది, వచ్చి అన్నిటికంటే చల్లగా ఉండే ఉత్తరం గోడకి పట్టి, చెమ్మై అక్కడే కాపురం పెట్టేది. బీరువా గోడకి ఆనించి ఉండేది, వెనక వేలు కూడా దూరదు, గాలి ఏం దూరుతుంది. మొట్టమొదట చూసింది దుమ్ము దులిపేటప్పుడు, బీరువా పక్కన గోడ మీద పెన్సిల్‌తో ఎవరో రుద్దినట్టు బూడిద రంగు మచ్చ. గువ్వే గీసిందని కేకలేశాను. అది నేను కాదమ్మా అని ఏడ్చింది. తుడిస్తే పోయింది. వారం తిరక్కుండా మళ్లీ వచ్చింది, ఈసారి చుక్కలు చుక్కలుగా, నల్లగా. రంగులాయన్ని పిలిచి పైన ఒక పూత వేయించాం. తెల్లగా మెరిసిపోయింది. ముఖం కడక్కుండా పౌడరు రాసినట్టు, అంతే, నాలుగు రోజులు. ఇంకా సిగ్గుచేటు ఏంటంటే నేను పనిచేసేది చెప్పుల కొట్టులో, వెనక గోదాములో. తోలు చెప్పులకి బూజు పడితే సరుకంతా పోతుంది, అందుకని గోదాములో అలమరలు గోడకి జానెడు దూరంలో ఉంటాయి, పైన ఫ్యాను ఆగదు, ప్రతి డబ్బాలో తేమ పీల్చే చిన్న పొట్లం ఉంటుంది, తడి గొడుగుతో లోపలికి వస్తే మేనేజరు మనిషినే బయట ఆరేస్తాడు. రోజంతా చెప్పుల్ని కాపాడి ఇంటికొచ్చి కిటికీలు బిగించుకుని పడుకునేదాన్ని. చెప్పులకి ఉన్న యోగం నా పిల్లకి లేకపోయింది.

కదిలింది. కాలు కొంచెం ముడుచుకుంది. కూత ఏం లేదు. లేదు కదా? లేదు. పావురం గొణుగుతోంది, అంతే. ఎంత సేపయిందో గడియారం చూడాలంటే తల తిప్పాలి, తల తిప్పితే మంచం కిర్రుమంటుంది. మంచం ఇప్పుడు గది మధ్యలో ఉంది, గోడలకి దూరంగా, పెళ్లిపందిట్లో మంచం వేసినట్టు నాలుగు వైపులా ఖాళీ. పరుపు కొత్తది. పాతదాన్ని తిరగేసి చూసినప్పుడు గోడ వైపు అంచంతా నల్లగా ఉంది, ఆ అంచుకే ముఖం పెట్టి పడుకునేది ఇది, గోడ చల్లగా ఉంటుందమ్మా అని. పడుకునేది అక్కడ, జలుబు వస్తే ఆవిరి పట్టేది కూడా అక్కడే. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది. పొద్దునా సాయంత్రం గిన్నెడు నీళ్లు మరిగించి, దుప్పటి కప్పి, కిటికీలు మూసి, పీల్చవే తల్లీ పీల్చు అని బతిమాలి, ఆ ఆవిరంతా దాని ముక్కులోకి పోయింది కొంచెం, మిగతాదంతా గోడకి మేత. గోడ బలిసింది, పిల్ల చిక్కింది.

ఆయన అప్పుడు చేసింది చెప్తే ఎవరూ నమ్మరు. ఒక వానసాయంత్రం పక్కగదిలో ఒక పాత పెట్టె ముందేసుకుని పని చేసుకుంటున్నాడు, ఉన్నట్టుండి చెయ్యి ఆపి తల ఎత్తాడు. ఎక్కడో గాలి లీకవుతోంది అన్నాడు. పెట్టెలో గాలి పట్టే తోలుకి చిల్లు పడితే సన్నగా ఈల వేస్తుందట. వెతకడం మొదలుపెట్టాడు. తోలు మడతలు ఒక్కొక్కటీ విప్పి చూశాడు, జిగురు పెట్టి కాగితం అంటించాడు, అన్ని మెట్లూ ఊడదీశాడు, పెదవులు తడిచేసుకుని చెక్క సందుల దగ్గర పెట్టి చూశాడు ఎక్కడైనా చల్లగా తగులుతుందేమోనని. నేను అన్నానికి పిలిచాను, రాలేదు. పెట్టె పూర్తిగా విప్పేసి, గాలి కొట్టే భాగమే లేకుండా చేశాక కూడా ఈల వినపడుతూనే ఉంది. అప్పుడు లేచాడు. నేను గుమ్మంలోనే ఉన్నాను, నా పక్క నుంచి నన్ను చూడకుండా నడిచి ఈ గదిలోకి వచ్చి పిల్ల పక్కన కూర్చున్నాడు, వంగాడు. నాకేమీ వినపడటం లేదు అప్పటికి. దీని ఛాతీలోంచి వస్తోంది అన్నాడు. ఇంతసేపూ దీని ఛాతీలోంచే. ఆ ముఖం నేను మళ్లీ చూడలేదు, చూడకపోవడమే మంచిది. ఆ రాత్రే కిటికీల దగ్గర ఇంకో వరస ఉన్ని పట్టీలు అంటించాడు. వానగాలి తగిలి వచ్చింది, ఒక్క సందు కూడా ఉండకూడదు అన్నాడు. తలుపు కింద గోనెపట్టా మడిచి పెట్టింది నేనే. మాకు తెలిసిన ప్రేమ అంతా కలిపి ఆ గదిని బిగించాం.

డాక్టరమ్మ అసలు పిల్ల గురించి అడగలేదు ముందు. గోడలకి చెమ్మ ఉందా, బట్టలెక్కడ ఆరేస్తారు, వంటగదిలో పొగ ఎటు పోతుంది, స్నానాలగదికి కిటికీ ఉందా. ఈవిడ వైద్యం చేస్తుందా, ఇల్లు అద్దెకి చూస్తోందా అని నాకు చిర్రెత్తుకొచ్చింది. కిటికీలు రోజుకెంతసేపు తెరుస్తారు అంది.

"తెరవమండీ," అన్నాను.

"ఎందుకని?"

"మా ఆయన వింటారండీ."

కలం కింద పెట్టింది. నేను చెప్పుకొచ్చాను, రీడ్లు, పంచమం, ఫ్యాను, దుప్పట్లు. చెప్తుంటే నాకే ఎవరో పరాయివాళ్ల కథలా వినపడింది. ఆయన నా పక్కనే చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఆవిడ కోప్పడలేదు, కోప్పడి ఉంటే ఎదురు చెప్పడానికైనా ఉండేది. పిల్లని చెమ్మ లేని చోటికి పంపండి, మందులు వేస్తూ ఉండండి, ఇల్లు ఆరబెట్టండి అంది. గోడ తుడిస్తే చాలదు, తడి ఎక్కణ్ణించి వస్తోందో దాన్ని ఆపాలి, ఆపాక గోడ లోపలి నుంచి ఆరాలి, అది మీరు తొందరపెడితే ఆరదు అంది. ఆ చివరి మాట నేను ఆ రోజు సరిగా వినలేదు. నాకు వినపడింది పంపండి అన్న మాటే.

ఇంటికి రాగానే ఆయన బల్ల ఎక్కి వెంటిలేటర్లలోని దుప్పట్లు పీకాడు. ఒక్కొక్కటీ బయటికి వచ్చేటప్పుడు ఇంత దుమ్ము, ఇంత వెలుతురు. ఒకదానికి అడుగు వైపు పచ్చగా నూగు మొలిచి ఉంది. చేత్తో పట్టుకుని దాన్నే చూస్తూ నిలబడ్డాడు. దిగండి, కింద పడెయ్యండి అన్నాను. అప్పుడే వదిన పిల్ల బట్టలు సంచిలో సర్దుతోంది, చప్పుడు చెయ్యకుండా సర్దింది, ఎత్తిపొడవడానికి అంత మంచి అవకాశం వచ్చినా ఒక్క మాట అనలేదు, ఆవిడ మీద నాకు ఆ ఒక్క విషయంలో గౌరవం. ఆ తర్వాత ఇక పనే పని. చేతికి తొడుగులు, ముక్కుకి గుడ్డ. ముందు సబ్బునీళ్లతో రుద్ది, ఆరబెట్టి, ఆ తర్వాత బ్లీచింగు నీళ్లు, రెండూ కలపకూడదు, కిటికీలు తెరిచే చెయ్యాలి. కళ్లలోంచి ధారగా నీళ్లు కారాయి, మంటకే అనుకోండి. పెచ్చులు లేచిన చోటల్లా గీకాం. పైపులాయన వచ్చి స్నానాలగది కుళాయి వెనక ఊట ఆపాడు. ఫ్యాను మళ్లీ తగిలించాం, స్నానం అయ్యాక కూడా చాలాసేపు తిరగాలని నియమం పెట్టాను, అది పంచమానికి కింద పలికినా సరే, పైన పలికినా సరే. బీరువాని ఇద్దరం కలిసి ఎండ పడే గోడ వైపు జరిపాం, అక్కడ కూడా జానెడు ఎడం ఉంచి, చెప్పుల కొట్టులో లాగా. అట్టపెట్టెలన్నీ పారేశాం. తడి బట్టలు ఇప్పుడు సందులో ఆరేస్తాను, వాన వస్తే పరిగెత్తుకెళ్లి తెస్తాను, ఆరనివి ఇస్త్రీ పెట్టి ఆరుస్తాను గానీ గదిలో తాడు కట్టను. కొట్టు నుంచి పారేసే తేమ పొట్లాలు గుప్పెడేసి తెచ్చి అలమరల మూలల్లో పెట్టాను. ఇక ఆయన పని సంగతి. ఈ చప్పుళ్లలో శ్రుతి పెట్టడం కుదరడం లేదు, రెండు పెట్టెలు తప్పు శ్రుతితో వెళ్లి తిరిగొచ్చాయి. చివరికి మా మేనేజరుని బతిమాలితే కొట్టు సెలవు రోజున కాసేపు ఫ్యాను ఆపి గోదాములో కూర్చోనిస్తున్నాడు. వేల చెప్పుల డబ్బాల మధ్య కూర్చుని రీడ్లు రాస్తాడు మా ఆయన. అట్టడబ్బాలు చప్పుడుని బాగా మింగేస్తాయి, ఇంతకంటే మంచి గది నాకు ఎప్పుడూ దొరకలేదు అంటాడు. బాధలో ఉన్నా ఆ మాటకి నవ్వాను.

గోడ ఇప్పుడు తెల్లగా ఉంది. ఇక్కణ్ణుంచి చూస్తే ఎక్కడా చుక్క లేదు. మొన్న ఆయన ఒక ప్లాస్టిక్ కాగితం ముక్క తెచ్చి గోడకి నాలుగు వైపులా టేపుతో అంటించాడు, లోపల తడి ఉంటే కాగితం వెనక నీటిచుక్కలు పడతాయట. మర్నాడు ఇద్దరం చూశాం. చుక్కలు లేవు. కొంచెం పొగమంచు పట్టినట్టు ఉంది, అంతే. ఇంతేనా, ఇది లెక్కలోకి రాదు అన్నాను. ఇంకో నెల ఆగుదామా అని అడిగాడు ఆయన. నెల ఆగితే బడి తెరుస్తారు, అక్కడ చేరిపోతే ఏడాది మాట. పిల్ల అక్కడ నన్ను అడగడం మానేస్తోంది, ఫోన్లో మొదట్లో అమ్మా ఎప్పుడు తీసుకెళ్తావు అనేది, ఈ మధ్య మేడ మీద పిట్ట గూడు పెట్టింది, అత్త నాకు గౌను కుట్టింది అని చెప్తోంది. నేను వదినకి ఫోన్ చేసి గోడ ఆరిపోయింది, తీసుకురండి అన్నాను. నేనే అన్నాను. ఉండబట్టలేక అన్నాను.

గంట అయ్యే ఉంటుంది. కుర్చీ జరిగిన చప్పుడు అయింది, వదిన అడుగులు. గుమ్మంలోకి వచ్చి నిలబడింది, చీర కుచ్చిళ్లు సర్దుకుంది, చెవులు రిక్కించి వింది. కిటికీలోంచి వచ్చే గాలికి కర్టెను కదిలింది. నేను ఆవిడ ముఖంలోకి చూస్తున్నాను, ఆవిడ పిల్ల వీపుకేసి చూస్తోంది. ఏమైనా వినపడిందా అని సైగ చేసింది. లేదన్నట్టు తల ఊపాను. మళ్లీ వింది. దర్జీ మనిషి, సూదిలో దారం ఎక్కించేటప్పుడు కళ్లు ఎలా చిన్నవి చేస్తుందో అలాగే చేసి మరీ వింది.

"నాకూ ఏం వినపడలేదు," అంది చివరికి, గొంతు తగ్గించి. "సరే. ఉంచుకోండి. బడివాళ్లకి వద్దని చెప్పేస్తాలే."

నాకు ప్రాణం లేచొచ్చింది. అలా అనేసి ఆవిడ చూపు తిప్పుకుంది, పెదవి కొరుక్కుంది, పాపం ఆవిడకీ ఇల్లు బోసిపోతుంది, పిల్లలు ఉద్యోగాలకి వెళ్లిపోయారు, ఇన్నాళ్లూ గువ్వతోనే కదా ఆ మేడ కళకళలాడింది. అయినా నేను ఆ క్షణంలో ఆవిడ గురించి ఆలోచించలేదు. మంచం కిర్రుమన్నా సరేనని లేచాను. నా బుర్ర అప్పుడే సాయంత్రంలోకి వెళ్లిపోయింది, దీనికి తలంటాలి, ఆ పిట్టగూడు సంగతులన్నీ చెప్పించుకోవాలి, ఈ రాత్రి నా పక్కలో, రేపు ఈ వీధి బడికి వెళ్లి పేరు రాయించాలి. పక్కగది తలుపు తోశాను. ఆయన నేల మీద గోడకి ఆనుకుని, మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, నేను వదిలి వెళ్లినట్టే కూర్చుని ఉన్నాడు.

"రండి. వచ్చి వినండి, ఏమీ లేదు," అన్నాను.

వచ్చాడు. గుమ్మం దగ్గరే ఆగాడు. ఆయన వినడం చూడాలి ఎవరైనా. చెవి ఒగ్గడు, కళ్లు మూయడు, ఊరికే నిలబడతాడు, ముఖంలోంచి అన్నీ వెళ్లిపోతాయి. వీధిలో బండి ఒకటి పోయింది. అది పోయేదాకా ఆగాడు. నేను నవ్వుతూనే ఉన్నాను, వదిన కూడా ముక్కు చీదుకుని నవ్వుతోంది. ఆయన నడిచి వెళ్లి మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు. పిల్ల వీపు మీద చెయ్యి వెయ్యలేదు. కొంచెం వంగాడు, అంతే.

"గువ్వా," అన్నాడు. "మామూలుగా ఊపిరి తీసుకో అమ్మా."

పిల్ల కదల్లేదు. నాకు అర్థం కాలేదు, నిద్రపోయే పిల్లకి ఏం చెప్తున్నాడీయన అనుకున్నాను. తర్వాత దాని చెవి వెనక ఎర్రబడటం చూశాను. మేలుకునే ఉంది. గంటసేపూ మేలుకునే ఉంది. ఈ ఇంట్లో ఆయన రీడుని చెవి దగ్గర పెట్టుకున్నప్పుడల్లా మేమందరం ఊపిరి బిగబట్టేవాళ్లం, అది మాకు అలవాటు, పాకే వయసులో ఇది బుగ్గలు ఉబ్బించి బిగబట్టేది, మేం చూసి మురిసిపోయేవాళ్లం. పెద్దవుతూ ఇంకా బాగా నేర్చుకుంది, నోరు కొంచెం తెరిచి, ఛాతీ కదలకుండా, గొంతు దగ్గరే చిన్న చిన్నగా పీల్చి చిన్న చిన్నగా వదలడం. పక్కనే కూర్చున్నా ఎవరికీ వినపడదు. మంచి పిల్ల, నాన్న పని చేసుకుంటుంటే ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో అని నేను పదిమందికి చెప్పుకున్నాను కూడా. ఇవాళ గుమ్మంలో వాళ్ల అత్త చెప్పిన ఒప్పందం అదీ విన్నది కదా.

"తీసుకో తల్లీ. నాన్నే కదా," అన్నాడు.

తీసుకుంది. ఒకటే పెద్ద ఊపిరి, భుజాలు పైకి లేచాయి. వదిలింది. ఆ వదలడం చివర సన్నగా, పొడుగ్గా, నాక్కూడా వినపడింది.

గువ్వ మెల్లగా ఇటు తిరిగింది. ముందు వాళ్ల నాన్నని చూసింది, తర్వాత నన్ను. కళ్లనిండా నీళ్లున్నాయి గానీ ఏడవలేదు, ఏడిస్తే ఆయాసం ఎక్కువవుతుందని దానికి తెలుసు.

"నేనసలు చప్పుడు చెయ్యను నాన్నా," అంది. "చెయ్యకుండా ఇక్కడే ఉంటాను."

ఆయన దాన్ని ఎత్తుకున్నాడు. ఎత్తుకుని కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, తల తన భుజం మీద పెట్టుకుని, చప్పుడు చెయ్యి గువ్వా, ఎంత కావాలంటే అంత చెయ్యి, గట్టిగా తీసుకో, గట్టిగా వదులు అని వీపు రాస్తూ చెప్తూనే ఉన్నాడు. అది తీసుకుంది, వదిలింది, మళ్లీ తీసుకుంది. మా ముగ్గురికీ ప్రతిసారీ వినపడింది. నాకు ఎవరి మీదా కోపం రాలేదు, ఏడుపు వచ్చింది, ఏడ్చాను. కాసేపటికి వదిన దాని చెప్పులు వెతకడానికి ముందుగదిలోకి వెళ్లింది.